నోట్లో ఎంతసేపుంటుంది

ఆ ఏడాది ద్రాక్షపళ్ల కాలంలో నేను మా ఇంట్లో దొంగనయ్యాను. సాయంత్రం యూనివర్సిటీ నుంచి వస్తూ, గేటు తీయకముందే నోట్లో వక్కపలుకు వేసుకునేదాన్ని. లోపలికి అడుగు పెట్టగానే ఎవరితోనూ మాట్లాడకుండా సరాసరి బాత్రూంలో దూరి, పళ్లు తోముకుని, నాలుక గీసుకుని, అద్దంలో పెదాలు చూసుకుని, అప్పుడు "అత్తయ్యా, టీ పెట్టమంటరా?" అంటూ మామూలు మనిషిలా బయటికొచ్చేదాన్ని. దొంగతనం చేసేవాళ్లకు ఇంత శుభ్రత ఎందుకొస్తుందో అప్పుడే తెలిసింది.

అలాగని నేను తాగడం లేదు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చివరిదాకా మీరు నన్ను అనుమానంగానే చూస్తారు. నోట్లో పోసుకుని ఉమ్మేయడం నా ఉద్యోగం.

నేను యూనివర్సిటీలో ఫ్రెంచి చెప్తాను, పర్మనెంటు కాదు, ఏడాదికేడాది పొడిగించే రకం. ఆ ఫిబ్రవరిలో ఫ్రాన్సు నుంచి మదాం క్లోదిన్ అని ఒకావిడ వచ్చింది. బోర్దో దగ్గర వాళ్లకు ద్రాక్షతోట, వైన్ చేసే పని తాతల నాటిది. హోటల్ ఉద్యోగాలకు వెళ్లే పిల్లలకు ఎర్ర వైన్ ఎలా తయారవుతుందో, ఎలా రుచి చూడాలో నేర్పడం కోర్సు. ఆవిడకు ఫ్రెంచి తప్ప ఇంకో ముక్క రాదు. పిల్లల్లో సగం మంది తెలుగు మీడియం. మధ్యలో నేను.

"రుచి చూడకుండ రుచి గురించి ఎట్ల చెప్తం సార్?" అని మా హెడ్ సోమయాజులు గారిని అడిగాను.

"అది మీరే చూసుకోవాలమ్మా" అన్నారాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ. "కోర్సు గట్టెక్కిస్తే మాత్రం, వచ్చే ఏడు మీ గురించి నేను గట్టిగా మాట్లాడగలను." ఆ సీసాలున్న గది గుమ్మం ఆయన ఒక్కసారి కూడా తొక్కలేదు, మహానుభావుడు.

ఇంకెవరింట్లోనైనా ఇది నలుగురూ నవ్వుకునే సంగతి. మా ఇంట్లో కాదు. మా ఆయన విజయ్ కుమార్ తాగుడు మానేసి రెండేళ్లు. ఆస్పత్రిలో పడుకుని, టీ గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు వణికి, ఉన్న ఉద్యోగం పోగొట్టుకుని, మళ్లీ ఒక స్కూలు ఆఫీసులో చేరి మనిషయ్యాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "ఒక్క గుక్క చాలు, మళ్లీ మొదటికొస్తుంది. వాసన కూడా ఇంట్లోకి రానివ్వకండి." దగ్గుమందు కొన్నా అందులో ఏముందో చదివి కొనేదాన్ని. అలాంటి ఇంటికి రోజూ నేనే వైన్ వాసన మోసుకొస్తున్నాను.

మదాం క్లోదిన్ పొట్టి మనిషి. ఎండకు కాలిన మొహం, మోటు చేతులు. గోల్నాకలో మా అమ్మ పక్కన కూర్చోబెడితే ఇద్దరూ కలిసి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తారు, అలా ఉండేది. మొదటిరోజే తార్నాక బండి మీద నల్ల ద్రాక్ష కొనుక్కురమ్మంది. పిల్లలు కడగబోతే చేయి అడ్డం పెట్టింది. తొక్క మీదున్న బూడిదలాంటి పొరను వేలితో తుడిచి చూపించింది. పళ్లను చేత్తో నలిపి, తొక్కలతో సహా గాజు జాడీలో పోయించింది.

"మేడం, ఈస్ట్ ఎప్పుడు కలుపుతరు?" అని స్వర్ణ అనే అమ్మాయి అడిగింది.

మదాం నవ్వి, బూడిద అంటుకున్న వేలు చూపించింది. ఆవిడ మాట నేను తెలుగులో చెప్పాను. "ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. తోటలోంచి అది ఈ తొక్క మీదే ఎక్కి వస్తుంది. తీపి ఉంది, వేడి ఉంది, ఇంకేం కావాలి? ద్రాక్షను వదిలేస్తే దాని దారి అది చూసుకుంటుంది. మా పనంతా పక్కన కూర్చుని కాపలా కాయడమే."

రెండ్రోజులాగి మూత తీశాం. తొక్కలన్నీ పైకి తేలి మందంగా పేరుకున్నాయి. కింద రసం చిటపటలాడుతోంది. పులిసిన దోసెపిండి వాసన, బాగా మగ్గిన అరటిపండు వాసన, వాటి వెనక ముక్కులో జివ్వుమనే ఘాటు.

"ఈ వాసన గుర్తుపెట్టుకోండి" అంది మదాం. "ఇది రసం కాదు, ఇంకా వైనూ కాలేదు. చక్కెరను తినేస్తూ మందుగా మారుతోంది. తియ్యగానే ఉంటుంది కాబట్టి తాగినవాళ్లకు తెలియదు."

అది తెలుగులో చెప్పి, జాడీ మీద మూత నేనే పెట్టేశాను.

అసలు వైన్ సంగతి ఆ తర్వాత వచ్చింది. పైకి తేలిన తొక్కలను రోజూ కిందికి నొక్కుతారట, రంగూ వగరూ ఆ తొక్కల్లోంచే దిగాలి కాబట్టి. తర్వాత తొక్కలను పిండి, రసం వడగట్టి, ఓక్ చెక్క పీపాల్లో ఏడాదికి పైగా ఉంచుతారు. తర్వాత సీసాలో ఏళ్లకేళ్లు. మదాం గ్లాసును తెల్లకాగితం మీద వంచి అంచు చూపించేది. వంకాయ రంగు అంచయితే పడుచుది, ఇటుక రంగుకు తిరిగితే వయసు మళ్లినది. ముందు ఊరికే వాసన, తర్వాత గ్లాసు తిప్పి మళ్లీ వాసన. అప్పుడు ఒక గుక్క, నోరంతా తిప్పి, పక్కనున్న బకెట్లో ఉమ్మి.

ఆ వగరు పేరు టానిన్ అంటే పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. నా బ్యాగులో వక్కపలుకులు ఎటూ ఉన్నాయి కదా, తలా ఒకటి పంచాను. "నమలండి. చిగుళ్లు పట్టేసినట్టయ్యిందా? గదే." మదాం కూడా ఒకటి నమిలి, కళ్లు పెద్దవి చేసి, ఇంకోటి అడిగి తీసుకుంది. ఆవిడ చెప్పే పళ్ల పేర్లలో సగం మనకు దొరకవు, వాటన్నిటికీ నేను నేరేడుపండునే నిలబెట్టాను. పెన్సిల్ చెక్కినప్పటి వాసన, కొత్త చెప్పుల దుకాణం వాసన, తొలివాన పడ్డ మట్టి మాత్రం పిల్లలే ఎగబడి పట్టుకున్నారు.

"ఉమ్మేశాక అయిపోయిందనుకోకండి" అనేది మదాం. "రుచి నోట్లో ఎంతసేపుంటుందో చూడండి. నాసిరకం వెంటనే పోతుంది. గొప్పది పోదు, మీతోపాటు ఇంటిదాకా నడిచొస్తుంది."

మార్చి చివర ఒకరోజు, వాళ్ల తోటలోదే, దాచిపెట్టిన సీసా తీసింది. నిజం చెప్తున్నాను, అలాంటిది నేను జన్మలో ఎరగను. ముందు నేరేడు, తర్వాత చెక్క, తర్వాత వక్క వగరు, ఆ వగరు మెత్తబడి మళ్లీ ఎక్కడినుంచో తీపి. ఉమ్మేశాను. క్యాంపస్ చెట్లకింద తార్నాక వైపు నడుస్తుంటే అది నోట్లోనే ఉంది, ఒకటి పోతే ఇంకోటి లేస్తోంది. ఇంకొక్క గుక్క, ఈసారి మింగితే ఎలా ఉంటుందో అనిపించింది. అనిపించగానే రోడ్డు పక్కన ఆగిపోయాను. మా ఆయన ఏం వదులుకున్నాడో నాకు మొదటిసారి తెలిసింది. పాపం, నా బంగారం అనుకున్నాను. ఆ ధ్యాసలో వక్క సంగతే మర్చిపోయాను.

గేటు విజయే తీశాడు. "ఏందివాళ ఇంత లేటు?"

"బస్సు దొరకలే, నడుసుకుంట..." అన్నాను. అతని ముక్కుపుటాలు కదిలాయి. నేను నోరు మూసుకున్నాను. లోపల అత్తయ్య గుడ్ ఫ్రైడే పాటలు ప్రాక్టీసు చేసుకుంటోంది.

"డాబా మీదికి రా" అన్నాడు మెల్లగా.

మేం చర్చి కోయిర్‌లో పరిచయమై పెళ్లి చేసుకున్నవాళ్లం. అత్తయ్య ముందు 'మీరు', డాబా మీద 'నువ్వు'. మా కొట్లాటలన్నీ డాబా మీదే.

మొత్తం చెప్పేశాను. మదాం, కోర్సు, బకెట్టు, అన్నీ. ట్యాంకుకు ఆనుకుని విన్నాడు.

"వక్క వాసన మొదటిదినమే పట్టిన" అన్నాడు. "తాగే దినాలల్ల నేను గూడ వక్కే నమిలేటోణ్ణి. నా దగ్గరనే నేర్చుకున్నవు గద."

"మరి ఎందుకడగలే?"

"నువ్వే చెప్తవని చూసిన."

"చెప్తే నువ్వేమైతవోనని భయమైంది."

"ఏమైత? మళ్ల తాగుత, అంతేనా? నువ్వు నన్ను నమ్మలేదు హన్నా."

"నమ్మలే!" అని అరిచేశాను. "ఎట్ల నమ్మాలె? ఎన్నిసార్లు నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసినవ్? నమ్మి నమ్మి నా నెత్తే అరిగిపోయింది." అనేశాక నాకే ఏడుపొచ్చింది. కింద పాట ఆగింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. మళ్లీ మొదలైంది.

విజయ్ గొంతు తగ్గించి అడిగాడు. "నిజంగ ఉమ్మేస్తరా? అంత ఖరీదుదాన్ని?"

కిందికెళ్లి చల్లారిన డికాక్షన్ స్టీలు గ్లాసులో తెచ్చాను. ఎలా తిప్పాలో, ఎలా వాసన చూడాలో, నాలుక మడిచి గొంతుకు తలుపెలా వేయాలో చూపించాను. తనూ చేశాడు. మొదటిసారి మింగేశాడు. రెండోసారి బుగ్గలు ఉబ్బించి, కరివేపాకు కుండీలో ఉమ్మి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ఈ విద్య అప్పుడే నేర్పితే బాగుండు గద!"

"ఉమ్మినంక రుచి ఎంతసేపుంటదో చూస్తరు" అన్నాను. "ఎంత ఎక్కువసేపుంటే అంత గొప్పది."

"అట్లయితే నేను తాగిన చీప్ లిక్కరే అన్నింటికన్న గొప్పది. రెండేండ్లాయె, నోట్లకెల్లి ఇంక పోలే." నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత వక్క మానేశాను గానీ ఇంట్లో బిగువు సడలలేదు. రోజూ సాయంత్రం "ఇవాళ ఏం చూసిన్రు?" అని అడిగేవాడు, పస్తున్నవాడు పెళ్లిభోజనం సంగతి అడిగినట్టు. నేను ముక్తసరిగా చెప్పేదాన్ని. ఒకరోజు బట్టలు నానబెడుతూ అతని చొక్కా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తలెత్తితే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరిగి డాబా మెట్లెక్కాడు. అదేదో తిట్టినా బాగుండేది.

ఈలోగా ఈస్టర్ వారం వచ్చింది.

మాది తార్నాక సందులో చిన్న చర్చి. ప్రభువు బల్లకు, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధనకు, రసం సంఘంలో ఒక ఇంటివాళ్లు చేసి తెస్తారు. మా అత్తయ్య రత్నమ్మగారు రిటైరైన టీచరు, చీరాల మనిషి. ఏళ్లపాటు ఆ రసం ఆవిడే చేసింది. విజయ్ తాగుడు వీధినపడ్డాక ఆ పని ఎవరూ ఏమీ అనకుండానే వేరే ఇంటికి పోయింది. ఆ రోజుల్లో బల్ల పళ్లెం వరసలో తన ముందుకొస్తే, విజయ్ పాత్ర ముట్టకుండా పక్కవాళ్లకు అందించేవాడు. తప్పులో ఉన్నవాడు ముట్టకూడదు కదా. పళ్లెం అలా దాటినప్పుడల్లా చర్చి మొత్తం మా వైపు చూసేది, అత్తయ్య మెడ వంగిపోయేది. ఆ ఈస్టర్‌కు పాస్టర్ రత్నాకర్ గారు ఇంటికొచ్చి "అమ్మా, ఈసారి రసం మీరే" అన్నారు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మామూలుగా ఎండుద్రాక్ష నానబెట్టి, మరిగించి, వడగడతారు. ఈసారి సంఘంలో ఒకాయన మేడ్చల్ తోట నుంచి తాజా ద్రాక్ష పంపాడు. అవి గురువారం పొద్దుపోయాక వచ్చాయి. అత్తయ్య గబగబా పిసికి, పుల్లగా ఉంటాయని చక్కెర పోసి, ప్రార్థన నుంచి వచ్చాక మరిగిద్దామని చర్చికి వెళ్లింది. ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. గురువారం అర్ధరాత్రి దాటాక ఈస్టర్ తెల్లవారేదాకా పొయ్యి వెలిగించకపోవడం ఆవిడ పుట్టింటి నియమం. టీ కూడా ఉండదు, అటుకులూ పెరుగూ అరటిపళ్లే. ఆ నియమం రసం కోసం కూడా తప్పలేదు. గిన్నె ఫ్రిజ్‌లో పట్టక గుడ్డ కట్టి తన మంచం కింద పెట్టుకుంది. బల్ల సామాను ఉన్నప్పుడు ఆ గదిలోకి మేం వెళ్లం. శనివారం వడగట్టబోతే రసం పైకి పొంగుతోందట. పాలు పొంగినట్టు పొంగింది, దేవుడు నా చేతిపని దీవించాడని మోకరించి స్తోత్రం చెప్పుకుందట ఆ తల్లి.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మీకు ముందే చెప్పడానికి కారణం, చర్చిలో నేను పడ్డ అవస్థ మీరూ పడాలని.

ఈస్టర్ ఆరాధనలో ఆడవాళ్లం ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. అత్తయ్య ముందు వరసలో, తెల్లచీరలో, చాలా ఏళ్ల తర్వాత మెడ నిటారుగా పెట్టుకుని కూర్చుంది. రొట్టె అయ్యింది. బుల్లి గ్లాసుల పళ్లెం చేతులు మారుతూ వచ్చింది. ఎవరి పాత్ర వాళ్లు తీసుకుని, పాస్టర్ గారు చెప్పేదాకా పట్టుకుని ఉండాలి.

రెండు నెలల అలవాటు. నోటికంటే ముందు నా ముక్కు వెళ్లింది. దోసెపిండి. మగ్గిన అరటిపండు. ముక్కులో జివ్వుమనే ఆ ఘాటు.

క్లాసులో జాడీ.

చప్పున మగవాళ్ల వైపు తిరిగాను. పళ్లెం అప్పటికే దాటిపోయింది. విజయ్ చేతిలో పాత్ర ఉంది. మొహం పాలిపోయింది. నాకంటే ముందే అతనికి తెలిసింది. తెలియకేం?

దేవుడా, ఏం చేయను? లేచి అరవాలా? ముందు వరసలో అత్తయ్య మెడ కనిపిస్తోంది. ఇప్పుడతను పాత్ర తాగకుండా కింద పెడితే, మళ్లీ మొదలెట్టాడని మధ్యాహ్నానికల్లా అంబర్‌పేట్ దాకా పాకిపోతుంది. తాగితే? ఒక్క గుక్క చాలు అంది డాక్టరమ్మ.

సగం లేచాను. పక్కనున్న శ్యామలాంబ గారు కళ్లు తెరిచి చూసింది. అప్పుడు విజయ్ కూడా నన్ను చూశాడు. చూసి, తల అడ్డంగా ఆడించాడు, వద్దన్నట్టు.

నువ్వు నన్ను నమ్మలేదు హన్నా.

కూర్చున్నాను. కూర్చోవడం అంత కష్టమైన పని అని నాకప్పుడే తెలిసింది.

"అందరం కలిసి పుచ్చుకుందాం" అన్నారు పాస్టర్ గారు. అందరి చేతులూ లేచాయి. విజయ్ చేయి కూడా లేచింది. పెదాల దాకా వెళ్లింది. పాత్ర ఖాళీ అయింది. నా పాత్ర నా చేతిలోనే ఉండిపోయింది.

పాట ఎత్తుకున్నారు. విజయ్ లేచాడు. తొందరేమీ లేకుండా, తల వంచుకుని, దగ్గు వచ్చినవాళ్లు బయటికెళ్లినట్టు నడవాలోంచి నడిచాడు. పక్కనున్న పౌలు తాత ఏదో అడిగితే జవాబివ్వలేదు. పెదాలు బిగించి ఉన్నాయి. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే పరిగెత్తాను.

ప్రహరీగోడ పక్కన కుళాయి, దాని మీదికి వాలిన కాగితంపూల చెట్టు. అక్కడ వంగి ఉమ్మేశాడు. దోసిలితో నీళ్లు పట్టి పుక్కిలించాడు. మళ్లీ పట్టాడు, మళ్లీ పుక్కిలించాడు. చేతులు ఆస్పత్రి రోజుల్లో వణికినట్టు వణుకుతున్నాయి. నీళ్లు సగం చొక్కా మీదే పోతున్నాయి. కుళాయి నేను పట్టుకున్నాను. మింగినవా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నా నోట్లోనే దాన్ని కుక్కేసుకున్నాను.

"ప్రభువు పాత్ర ఉమ్మిన హన్నా" అన్నాడు, నేల వైపు చూస్తూ.

"ఆయనకు తెలుసు తియ్యి" అన్నాను.

ఆరాధన కానిచ్చుకుని అత్తయ్య గబగబా వచ్చింది, వెనకే శ్యామలాంబ గారు. "ఏరా, పొలమారిందా?"

"ఆఁ అమ్మా."

"రసం ఎలా ఉందిరా? నిజం చెప్పు."

"అడగాలా రత్నమ్మగారూ!" అంది శ్యామలాంబ గారు, కళ్లు మెరుస్తుండగా. "అదిరిపోయింది. అంత బుల్లి గ్లాసులేంటండీ, ఇంకాస్త పోయొద్దూ?"

విజయ్ మొహం తుడుచుకున్నాడు. "మస్తుందమ్మా" అన్నాడు. "వచ్చేసారి మాత్రం మరిగించు. తాజా ద్రాక్ష గదా, ఎండల పులుస్తది."

అత్తయ్య కొడుకు మొహం చూసింది. తడిసిన చొక్కా చూసింది. కుళాయి కింద మట్టి వైపు చూసింది. నలభై ఏళ్లు పిల్లల మొహాలు చదివిన టీచరమ్మ.

"అలాగేరా నాన్నా" అంది సన్నటి గొంతుతో. కొంగుతో కొడుకు గడ్డం తుడిచి, శ్యామలాంబ గారిని చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

ఇద్దరమే మిగిలాం. విజయ్ గోడకు ఆనుకున్నాడు. కళ్లు మూసుకుని, నాలుకను బుగ్గల్లో తిప్పుకుంటున్నాడు. నేను అతని చేయి పట్టుకున్నాను.

"హన్నా."

"ఊఁ."

"ఇంక నోట్లనే ఉన్నది. ఎంతసేపుంటది?"

తడిసిన అతని కాలరు సరిచేశాను.

"ఇది అంత మంచిది కాదు" అన్నాను. "జల్దీనే పోతది."

పోయేదాకా ఇద్దరం ఆ కుళాయి దగ్గరే నిలబడ్డాం.